చెత్తబుట్టలో పద్నాలుగు ఫోల్డర్లు

మా బావ లిఫ్టుల కంపెనీలో పనిచేస్తాడు. ఆయన కాలు విరిగింది ఆ కంపెనీ మెట్ల మీద. వాళ్ళ ఆఫీసు లిఫ్టు ఎనిమిది నెలలుగా మూలపడి ఉంది మరి. ఊళ్ళో జనాన్నంతా పైకీ కిందకీ తిప్పే కంపెనీ, తన గుమాస్తాలను మాత్రం మూడంతస్తులు నడిపిస్తుంది. లిఫ్టు తలుపుకి "మరమ్మతులో ఉంది, అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని ఒక అట్ట తగిలించారు. ఆ అట్ట రాసింది కూడా మా బావే. ముత్యాల్లాంటి రాత. మడమ ఎముక చిట్లి కింద కూలబడ్డాక, మనుషులొచ్చి లేవదీసేదాకా ఆయన తన చేతిరాతనే చూస్తూ కూర్చున్నాడట. కంపెనీ పడుతున్న చింతను అంత దగ్గర్నించి చదువుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

బావంటే మా అక్క మొగుడు. నాది రెండు వీధుల అవతల జిరాక్స్ షాపు. షాపులో ఒక కంప్యూటరుంది కాబట్టి, మా రెండు ఇళ్ళలోనూ కంప్యూటర్ల గురించి తెలిసినవాణ్ణి నేనే. టీవీ రిమోట్ మొరాయించినా నన్నే పిలుస్తారు. ఈ కథలో నేను చేసిన ఘనకార్యం ఒక వైరు పీకడం. అది కూడా మూడో ప్రయత్నంలో కుదిరింది.

ముందు బావ సంగతి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆయనది ఫిర్యాదుల సెక్షను. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని, తలుపు పడటం లేదని జనం రాస్తారు. ఆయన దాన్ని రిజిస్టరులో ఎక్కించి, సర్వీస్ మేనేజరుకి పంపి, రాసినవాళ్ళకి మర్యాదగా జవాబిస్తాడు. ఆ లిఫ్టు బాగవుతుందా లేదా అన్నది ఆయన చేతిలో లేదు. మర్యాద ఒక్కటే ఆయన చేతిలో ఉంది, దాన్ని ఇరవై ఆరేళ్ళూ దండిగా పంచిపెట్టాడు.

ఆఫీసులో ఆయన్ను కాపీ మాస్టారు అంటారు. ఏ మెయిలు పంపినా దానికి సంబంధం ఉన్నవాళ్ళకీ, ఉండబోయేవాళ్ళకీ, ఉంటే బాగుండును అనిపించినవాళ్ళకీ కాపీ పెట్టడం ఆయన అలవాటు. ఒక లిఫ్టులో ఫ్యాను తిరగడం లేదని ఉత్తరం వస్తే, ఆ సంగతి తెలియకుండా మిగిలేది ఆ ఫ్యాను ఒక్కటే. ఫిర్యాదు చేసినవాళ్ళకి కూడా కాపీ వెళ్ళేది. "మీ మాట వృథా పోలేదు, ఇదిగో పైవాళ్ళకి చేరింది" అని వాళ్ళకి తెలియాలి కదా అనేవాడు. రెండేళ్ళ కిందట దాని మీద సర్వీస్ మేనేజరు మండిపడి, ఆఫీసు మెయిళ్ళ కాపీ బయటివాళ్ళకి పంపితే చర్య తీసుకుంటామని మెమో ఇప్పించాడు. బావ దాన్ని రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, అందరికీ తెలియడం మంచిదని ఆ మెమో కాపీని ఆఫీసంతా పంచాడు.

ఇక చెత్తబుట్ట. అసలు కథకి మూలం అదే. మెయిల్ ప్రోగ్రాములో మనం తీసిపారేసిన మెయిళ్ళు పోయి పడే ఫోల్డరుంటుంది కదా, అది. ఒకప్పుడు వాళ్ళ సర్వర్ మహా ఇరుకు. ఒక్కొక్కరికీ ఇచ్చిన జాగా నెలకే నిండిపోయి, కొత్త మెయిళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పోయేవి. అందరూ నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, మా బావ ఒక మహత్తరమైన రహస్యం కనిపెట్టాడు. చెత్తబుట్టలో ఉన్నదాన్ని ఆ సర్వర్ లెక్కలోకి తీసుకోదు! అంతే, వచ్చినవీ పంపినవీ, ఉన్న మెయిళ్ళన్నీ పట్టుకెళ్ళి చెత్తబుట్టలో పెట్టాడు. ఊరికే కుమ్మరించలేదు, ఎంత పద్ధతైన మనిషని! చెత్తబుట్ట లోపల పద్నాలుగు ఫోల్డర్లు చేశాడు. మొదటిది సామాన్యం. తర్వాత ముఖ్యం, చాలా ముఖ్యం, అతి ముఖ్యం, ఇలా మెట్లు మెట్లుగా పైకెళ్ళి, పద్నాలుగోదాని పేరు 'ప్రాణం పోయినా పోకూడనివి'. ఇంట్లో ఇనప్పెట్టె ఉండగా నగలన్నీ పట్టుకెళ్ళి వీధి చెత్తకుండీలో, అదీ వరసగా సర్దిపెట్టడం అన్నమాట.

విద్య దాచుకునే మనిషి కాదు కనక ఆఫీసులో అందరికీ నేర్పాడు. స్టోర్సు గుమాస్తాకీ, మేనేజరుగారి అసిస్టెంటుకీ, ఆఖరికి మేనేజరుగారికీ. సర్వర్ ఇరుకు తీరి పన్నెండేళ్ళయినా ఎవరూ అలవాటు మానలేదు. ఆ ఆఫీసులో ఇన్‌బాక్సులో ఏదైనా మెయిలుందంటే దానికి పెద్ద విలువ లేదని అర్థం.

కాలికి కట్టు కట్టాక ఇంటి నుంచే పనిచేయమన్నారు. ల్యాప్‌టాప్ ఇస్తామన్నారు. ఒళ్ళో పెట్టుకుని చేసేది ఉద్యోగం కాదన్నాడు బావ. దాంతో ఆయన డెస్క్‌టాప్ కంప్యూటర్ను రెండు దుప్పట్లలో చుట్టి, వ్యానెక్కించి, కుదుపు తగలకుండా ఇంటికి చేర్చారు. కాలు విరిగిన బావ మాత్రం బస్సులో వచ్చాడు. కంప్యూటర్ పెట్టడానికి ఇంట్లో మా అక్క అద్దం బల్ల తప్ప దిక్కులేదు. తెర వెనక నిలువుటద్దం. తలెత్తితే తన మొహమే కనబడుతుంది కాబట్టి, పనివేళల్లో ఆయన కునుకు తీయడం మానేశాడు. అక్క జడ వేసుకోవడానికి స్టీలు డబ్బా మూత చూసుకుంటూ వంటింట్లోకి మారింది.

అక్కడికి పోయిన వారం ఒక కవరు వచ్చింది. వివరణ కోరుతూ నోటీసు.

విషయం ఇది. నాలుగంతస్తుల ఇల్లొకటి, మా బావ కంపెనీ లిఫ్టు. పై అంతస్తులో రిటైరైన లెక్కల టీచరు ఒంటరిగా ఉంటుంది. లిఫ్టు తాడు చప్పుడు చేస్తోందని ఆవిడ ఏడు మెయిళ్ళు రాసింది. ఏడోదాంట్లో "గత వారం పైకి వెళ్ళేటప్పుడు నాలుగుసార్లు, ఈ వారం పదకొండుసార్లు" అని లెక్కకట్టి మరీ రాసింది. బావ ఏడూ మేనేజరుకి పంపాడు. మూడు వారాల తర్వాత లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఆవిడా, ఒక కూరగాయల సంచీ. నాలుగు గంటల పది నిమిషాలు. తలుపు విడగొట్టి తీసేసరికి స్పృహ లేదు, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కంపెనీ విచారణ మొదలుపెట్టింది. సర్వీస్ మేనేజరు గుండె మీద చెయ్యేసుకుని "ఆ ఫిర్యాదు నాదాకా రాలేదు" అన్నాడు. రాలేదంటే పంపనట్టే. పంపలేదంటే బావ పంపలేదు. శుక్రవారం పదకొండు గంటలకి హాజరై, పంపినట్టు రుజువు చూపాలి. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది.

ఉద్యోగం మాట అటుంచి, కాపీ మాస్టార్ని పట్టుకుని ఫిర్యాదు పంపలేదంటారా అని నాకే ఒళ్ళు మండింది. బావ మాత్రం నవ్వాడు.

"పంపానురా. ఆయన జవాబు కూడా ఇచ్చాడు. చూడు" అని పద్నాలుగో ఫోల్డరు తెరిచాడు. ఆ మెయిలు నేను కళ్ళారా చూశాను. మేనేజరు రాసింది రెండే వాక్యాలు: "ఆ తాడు ఇంకో ఏడాది లాగుతుంది. అంతగా భయమైతే మెట్లున్నాయి కదా, ఎక్కమనండి."

"బావా, ఇప్పుడే దీన్ని ప్రింటు తీద్దాం. షాపు రెండు వీధులేగా" అన్నాను.

"తొందరేముంది? ఇది పద్నాలుగో ఫోల్డర్రా. శుక్రవారం పొద్దున తీద్దాం, తాజాగా ఉంటుంది."

కాగితం తాజాగా ఉండటమేమిటో నాకు అర్థం కాలేదు. జిరాక్స్ షాపువాణ్ణి, నాకా విషయం మీద పెద్ద అభిప్రాయం ఉండదని ఆయన ఉద్దేశం కాబోలు.

బుధవారం పొద్దున పదింటికి ఆఫీసు కంప్యూటర్ సెక్షన్ నుంచి ఫోనొచ్చింది. నన్ను ముందే పిలిపించి కూర్చోబెట్టారు. సర్వర్ మారిందట. పాతది తీసేసి కొత్తది పెట్టారట. ఇంట్లో ఉన్న బావ కంప్యూటర్ని ఆ కొత్త సర్వర్‌తో దూరం నుంచే కలపాలట. ఫోనులో మాట్లాడే కుర్రగొంతు ఆయన రోజుకి నలభైమందికి ఇదే మాట చెబుతున్నట్టున్నాడు, ఊపిరి కూడా ఒకే చోట తీసుకుంటున్నాడు.

"సార్, స్క్రీన్ మీద అనుమతి అడుగుతుంది, సరే అని నొక్కండి సార్. ఇక మీరేం ముట్టుకోకండి, నేనే సింక్ చేస్తాను సార్."

బావ నొక్కాడు. తెర మీద బాణంగుర్తు తనంతట తనే కదలడం మొదలుపెట్టింది. బావ చటుక్కున మౌసు మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దంలో ఆయన మొహం చూస్తే, ఇంట్లో కొత్తగా దిగిన అద్దెవాళ్ళు నేరుగా వంటింట్లోకి నడిచినట్టుంది.

"సింక్ అంటే ఏంటి బాబూ?" అని అడిగాడు మర్యాదగా.

"ఏం లేదు సార్. సర్వర్లో ఏముందో మీ దగ్గరా అదే ఉండేట్టు చేస్తాం. రెండూ ఒకేలా ఉంటాయి సార్."

"మంచిదేగా" అన్నాడు బావ. నేను కూడా "మంచిదే" అన్నాను. కంప్యూటర్లు తెలిసినవాణ్ణి కదా.

కొత్త సర్వర్ చిరునామా కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగాడు, బావ తన పెళ్ళిరోజు తేదీ చెప్పాడు, వంటింట్లోంచి అక్క "ఆ నెల కాదు, దాని తర్వాతది" అని సరిదిద్దింది. అది చెల్లలేదు. బావ చెప్పిన తప్పు తేదీయే చెల్లింది. అక్క గరిటె చప్పుడు కాస్త పెరిగింది. కిందనున్న పచ్చటి గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలైంది. ఇన్‌బాక్సు పక్కన ముప్పై ఒకటి అని ఉంది, అలాగే ఉంది. చెత్తబుట్ట పక్కన పదకొండు వేల ఆరు వందల నలభై అని ఉంది. నేను చూస్తుండగా అది పదివేల తొమ్మిది వందలైంది.

"బావా, ఈ అంకె తగ్గుతోందేంటి?"

"తగ్గడమేంటి?"

తొమ్మిది వేల రెండు వందలు. పద్నాలుగో ఫోల్డరు మాయమైంది. బావ ఫోను మీదకి ఒక్కసారిగా వంగాడు. "బాబూ! ఆపండి! మెయిళ్ళు పోతున్నాయి!"

"ఏం పోవట్లేదు సార్. చెత్తబుట్ట ఒక్కటే ఖాళీ అవుతోంది. కొత్త సర్వర్లో ముప్పై రోజులు దాటిన చెత్త ఉండదు సార్. అక్కడ లేదు కాబట్టి ఇక్కడా తీసేస్తోంది."

"అది చెత్త కాదయ్యా! అది నా ఉద్యోగం!"

పాపం, ఆ కుర్రాడికి నేర్పిన వాక్యాల్లో దీనికి జవాబు లేదు. "సార్... మరి చెత్తబుట్టలో ఎందుకు పెట్టారు సార్?" అన్నాడు చివరికి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న.

నేనీలోగా బల్ల కింద దూరాను. ఒక వైరు పీకాను, బల్లదీపం ఆరిపోయింది. ఇంకోటి పీకాను, ఫోను చార్జరు. మూడోది పీకితే ఇంటర్నెట్ పోయి అంకె ఆగింది. రెండు వందల పన్నెండు. మిగిలిన ఫోల్డరు ఒక్కటే, సామాన్యం. తెరిచి చూస్తే ఆఫీసులో టీ ఇచ్చే సమయం పావుగంట ముందుకి జరిగిందని పదకొండు సర్క్యులర్లున్నాయి.

తర్వాత ఫోనులో తేలిన సంగతులు ఇవీ. పాత సర్వర్‌ని సోమవారమే తుడిచేశారు. ఆ మెయిళ్ళు మళ్ళీ రావు. చెత్తబుట్టలో దాచుకున్నవి ఏమైనా ఉంటే తీసుకోండి అని మూడు నెలల కిందటే అందరికీ సర్క్యులర్ పంపారు.

"నాకు రాలేదే" అన్నాడు బావ.

"వచ్చింది సార్. మీరు అందినట్టు జవాబిచ్చారు. అందరికీ కాపీ కూడా పెట్టారు."

వచ్చింది నిజమే. ముఖ్యమైనదని చూడగానే తెలిసి, చదవకుండానే అతి ముఖ్యంలో భద్రపరిచాడు మహానుభావుడు.

మధ్యాహ్నం నుంచి ఫోను మోగుతూనే ఉంది. స్టోర్సు గుమాస్తా చెత్తబుట్ట పోయింది. మేనేజరుగారి అసిస్టెంటు చెత్తబుట్ట పోయింది. ఆ ఇద్దరికీ బావ కాపీ పెట్టిన మెయిలు కూడా వాటితోనే పోయింది. గురువుగారి మీద శిష్యులు పెట్టిన శాపనార్థాలు విని తీరాలి. సర్వీస్ మేనేజరుగారిది కూడా పోయిందట, ఆయనొక్కడూ మాత్రం ఏమీ అనలేదట.

ఆ సాయంత్రం బావ అద్దం బల్ల ముందునుంచి కదల్లేదు. కంప్యూటర్ ఆపేశాడు. నల్లటి తెరా, దాని వెనక అద్దం, అద్దంలో ఆయన. నాకాయనంటే ఎంత ఇష్టమో ఆవేళ తెలిసొచ్చి, కోపం కూడా వచ్చింది.

గురువారం పొద్దున అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"ఏవండీ, ఒక్క మాటడుగుతాను, నిజం చెప్పండి. ఆ టీచరుగారికి కాపీ పెట్టారా?"

బావ టీ ఊదుకున్నాడు. వేడిగా లేని టీ.

"పెట్టకూడదని మెమో ఉంది కదే."

"మెమో సంగతి అడగలేదు. పెట్టారా లేదా?"

గ్లాసు కింద పెట్టాడు. "రెండేళ్ళలో ఎవరికీ పెట్టలేదు. ఆవిడకి కూడా ఆరుసార్లు పెట్టలేదు. ఏడోసారి... ఆవిడ చప్పుళ్ళు లెక్కపెట్టి రాసింది. అంత లెక్కపెట్టిన మనిషికి, ఇక్కడ ఒకడు విన్నాడని తెలియొద్దూ? చెయ్యి ఆగలేదు."

"అంటే ఆవిడ దగ్గర రుజువుందన్నమాట! మరి నిన్నట్నుంచి నోరు విప్పవేం బావా?" అన్నాను.

"విప్పితే బయటివాళ్ళకి కాపీ పంపినట్టు నేనే ఒప్పుకున్నట్టు కాదుట్రా?"

అదీ మా బావ. చేయని తప్పుకి ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధం కానీ, చేసిన తప్పుకి మాట పడటానికి సిద్ధం కాదు. నేను నాలుగు మాటలు అనబోయాను. ఈలోగా ఆయనే తల దించుకుని అన్నాడు. "మెమో ఒక్కటే కాదురా. ఆవిడ నాలుగు గంటలు ఆ పెట్టెలో కూచుంది. ఏడుసార్లు నాకు చెప్పి కూచుంది. ఇప్పుడు నా ఉద్యోగం కోసం సాయం చేయండి అని ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహం పెట్టుకునే వెళ్ళండి" అంది అక్క, చెప్పుల స్టాండు వైపు నడుస్తూ. "వేరే మొహం ఇంట్లో లేదు." ఆయన మంచి కాలికి చెప్పు తొడిగింది.

ఆ ఇంటి లిఫ్టు తలుపుకి రెండు చెక్కలు అడ్డం కొట్టి ఉన్నాయి. వాటి మీద అట్ట. మరమ్మతులో ఉంది, అసౌకర్యానికి చింతిస్తున్నాము. అదీ బావ చేతిరాతే. ఇలాంటివి ఏడాదికి సరిపడా ముందే రాసి కట్ట కట్టి ఇచ్చాడట. కట్టు కట్టిన కాలితో, చంక కర్రలతో, ఒక పక్క నన్ను పట్టుకుని లిఫ్టుల కంపెనీ గుమాస్తా నాలుగంతస్తులు మెట్లెక్కాడు. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. మూడో అంతస్తు దగ్గర లిఫ్టు తలుపు సొట్టపోయి ఉంది. ఆవిణ్ణి బయటికి తీసిన చోటది. బావ ఆ సొట్ట మీద చెయ్యేసి నిలబడ్డాడు. నేను తొందరపెట్టలేదు.

టీచరుగారు సన్నగా, నిటారుగా ఉంది. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. బావ ఎవరో చెప్పుకున్నాడు. ఆవిడ ఆయన్ను, కాలి కట్టును, చంక కర్రలను ఒకటొకటిగా చూసింది.

"ఏడు జవాబులు రాసింది మీరేనా?"

"నేనేనండి. క్షమించమని అడగడానికి..."

"ముందు కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు."

బావ కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పకుండా, ఆయనకు చేతనైన మర్యాదంతా ఉపయోగించి క్షమాపణ చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డుపడకుండా, పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు చూస్తూ విన్నది.

"మీ ఏడో జవాబు తర్వాత నేను మీకు రాయడం మానేశాను. ఎందుకో తెలుసా?" అంది.

లేచి గోడవార బల్ల మీదున్న కంప్యూటర్ తెరిచింది. ఇన్‌బాక్సు. ఉన్నవన్నీ ఇన్‌బాక్సులోనే, తేదీల వరసలో. అలా కూడా దాచుకోవచ్చని బావకి అప్పుడే తెలిసినట్టుంది, కళ్ళు పెద్దవి చేసి చూశాడు. ఆవిడ ఒక మెయిలు మీద వేలు పెట్టింది. బావ మేనేజరుకి పంపిన ఏడో ఫిర్యాదు. దాని పైన మేనేజరు జవాబు. బావ ఆవిడకి కాపీ పెట్టాడని కూడా చూడకుండా, ఆ మేనేజరు మహాశయుడు అందరికీ జవాబిచ్చే మీట నొక్కాడు. ఇంకో ఏడాది లాగుతుంది. మెట్లున్నాయి కదా, ఎక్కమనండి.

"ఇది... మీకూ వచ్చిందా?" బావ మొహం పాలిపోయింది. "ఎవరెవరికి వెళ్ళిందో నేను పై వరస చూడలేదండి. ఆ మాట చదివాక ఇక చూడబుద్ధి కాలేదు."

"మీ పేరు కూడా ఉంది కదా అందులో. మీరందరూ కలిసి అనుకున్న మాటేనని అనుకున్నాను. లిఫ్టులో కూచున్నంతసేపూ నా మనసులో అదే తిరిగింది. మెట్లున్నాయి కదా, మెట్లున్నాయి కదా అని. తలుపు కొట్టడానికి కూడా సిగ్గేసింది బాబూ."

బావ ఏడ్చాడు. యాభై ఆరేళ్ళ మనిషి, చంక కర్రలు ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు. "నేనలా అనుకోలేదండి" అని మాత్రం రెండుసార్లన్నాడు. ఆవిడ లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

శుక్రవారం విచారణ సంగతి అప్పుడు నేనే చెప్పాను. "ఈ మెయిలు సంగతి విచారణవాళ్ళు మిమ్మల్ని అడగలేదా అండీ?"

"లిఫ్టులో ఉన్నది నేను. నన్ను తప్ప అందర్నీ అడిగారన్నమాట" అందావిడ. కళ్ళజోడు పెట్టుకుంది. కుర్చీ ముందుకి లాక్కుంది. "దీన్ని ఇప్పుడే పంపుతాను. ఎవరెవరికి పంపాలి?"

విచారణ అధికారి ఒక్కడికీ పంపితే చాలు. అది నాకు తెలుసు, బావకీ తెలుసు. బావ కళ్ళు తుడుచుకున్నాడు. బయటివాళ్ళకి కాపీలు, మెమోలు, చర్యలు, అన్నీ ఆయన మొహంలో ఒక్క క్షణం వచ్చి పోయాయి.

"రాసుకోండి" అన్నాడు. విచారణ అధికారి దగ్గర మొదలుపెట్టి, మేనేజరు, ఆయన పైవాడు, ఆ పైవాడికి పైవాడు, స్టోర్సు, కంప్యూటర్ సెక్షను, ఇలా మొత్తం పంతొమ్మిది చిరునామాలు కాగితం చూడకుండా, ఒక్క అక్షరం తడుముకోకుండా చెప్పాడు. టీచరుగారు కొట్టింది. కొట్టాక లెక్కపెట్టి చూసుకుంది. పంతొమ్మిది సరిపోయాయి. నొక్కింది.

దిగి వచ్చేటప్పుడు ప్రింటు ఒకటి తీద్దామని నేను అనకముందే బావ నా షాపు వైపు తిరిగాడు. మూడు కాపీలు తీయించాడు.

శుక్రవారం విచారణ పావుగంటలో అయిపోయింది. ఫిర్యాదు సకాలంలో పంపినట్టు రుజువైంది, గుమాస్తా మీద అభియోగం కొట్టేశారు. సర్వీస్ మేనేజరుని కంపెనీ కఠినంగా శిక్షించింది. శిక్షణ విభాగానికి పెద్దగా వేసింది. కొత్తగా చేరినవాళ్ళకి ఆయనిప్పుడు ఖాతాదారులతో మర్యాదగా మాట్లాడటం ఎలాగో నేర్పుతున్నాడు. శనివారం ఆ ఇంటి లిఫ్టుకి కొత్త తాడు వేశారు. ఆదివారం టీచరుగారి నుంచి మెయిలొచ్చింది: "పైకి ఆరుసార్లు, కిందికి ఆరుసార్లు. చప్పుడు సున్నా." బావ దాన్ని ఇన్‌బాక్సులోనే ఉంచాడు.

సోమవారం నేను వెళ్ళేసరికి అద్దం బల్ల దగ్గర ఇంకో మెయిలు తెరిచి ఉంది. పైన ఎర్రక్షరాలతో అతి ముఖ్యం అని ఉంది. మెమో. నిబంధనలకు విరుద్ధంగా ఆఫీసు మెయిలు కాపీని బయటి వ్యక్తికి పంపినందుకు గాను సదరు గుమాస్తాను తీవ్రంగా మందలించడమైనది. మళ్ళీ ఇలా జరిగితే సహించబోము. ఈ మెమోను భద్రపరచుకోవలసినది.

బావ దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత మౌసుతో పట్టుకుని లాక్కెళ్ళి, చెత్తబుట్టలో పడేశాడు.

"బావా! ఏం చేస్తున్నావ్? ఇప్పుడక్కడ పెడితే ముప్పై రోజులకి పోతుంది!" అని అరిచాను.

"తెలుసురా" అన్నాడు.

అద్దంలో ఆయన మొహం చూశాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మా బావ చెత్తబుట్టలో చెత్త వేయడం అదే మొదటిసారి.